డల్స్ నాచు: కోత నుంచి కారప్పొడి దాకా

ఐర్లండ్‌లోనో, స్కాట్లండ్‌లోనో, కెనడా తూర్పు తీరంలోనో ఉంటున్న తెలుగువారికి సూపర్ మార్కెట్‌లో ముదురు ఎరుపు రంగు ఎండుటాకుల పొట్లం ఒకటి కంటబడుతూ ఉంటుంది. దాని పేరు డల్స్. ఐర్లండ్ పడమటి తీరంలో డిలిస్క్ అంటారు, ఐస్‌లాండ్‌లో సోల్ అంటారు, వృక్షశాస్త్రం పాల్మేరియా పాల్మేటా అంటుంది. ఉత్తర అట్లాంటిక్ చల్లని నీళ్లలో పెరిగే ఎర్ర నాచు ఇది. పొట్లం వెనక్కి తిప్పితే థైరాయిడ్‌కు మంచిదనీ, ప్రోటీన్ గని అనీ, బీ12 ఉందనీ రాసి ఉంటుంది. అందులో కొంత నిజం, కొంత అమ్మకపు మాట. ఇది మంచి తిండి, మందు మాత్రం కాదు. ఎంత తినవచ్చో తేలాలంటే పొట్లం వెనక రాసినది చదవడం కన్నా మీ వంటింట్లో ఏ ఉప్పు వాడుతున్నారో చూసుకోవడం ముఖ్యం. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

ముందు ఉప్పు డబ్బా చూడండి

సముద్రపు నాచులన్నింటికీ అయోడిన్‌ను పీల్చి దాచుకునే గుణం ఉంది. మన థైరాయిడ్ గ్రంథికి కావలసింది అదే, మితిమీరితే దాన్ని ఇబ్బంది పెట్టేదీ అదే. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 మైక్రోగ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పెద్దవాళ్లు రోజుకు 600 దాటవద్దని యూరప్ ఆహార భద్రతా సంస్థ గీసిన గీత.

డల్స్‌లో అయోడిన్ కోతకోతకూ మారుతుంది. ఎండు డల్స్ గ్రాములో 70 మైక్రోగ్రాములు ఉండవచ్చు, కొన్నిసార్లు అంతకు అనేక రెట్లూ ఉండవచ్చు. ఏ తీరం, ఏ నెల, ఎంతసేపు నానబెట్టారు, అన్నీ లెక్కలోకి వస్తాయి. కెల్ప్ అనే గోధుమరంగు నాచుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. కెల్ప్‌లో గ్రాముకు వేల మైక్రోగ్రాములు ఉంటాయి. నాచుల జోలికి పోవాలనుకునేవారికి డల్స్ నయమని నేను అనడానికి మొదటి కారణం ఇదే.

ఇప్పుడు ఉప్పు సంగతి. భారతదేశంలో 2006 నుంచి మనుషులు నేరుగా తినే ఉప్పులో అయోడిన్ తప్పనిసరి. కొనేవారి చేతికి చేరేసరికి కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలి. మన ఇళ్లలో పచ్చళ్లూ పులుసులూ కలుపుకుని మనిషికి రోజుకు పది గ్రాముల దాకా ఉప్పు పడుతుంది. అంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి మామూలు ప్యాకెట్ ఉప్పు వాడేవారికి కావలసిన అయోడిన్ ఆ ఉప్పుతోనే అందుతోంది. వారికి డల్స్ రుచి కోసమే తప్ప లోటు తీర్చడానికి కాదు.

ఐర్లండ్‌లో, బ్రిటన్‌లో అయోడిన్ కలిపిన ఉప్పు చాలా అరుదు. అక్కడివారికి అయోడిన్ ప్రధానంగా పాల నుంచి, ఆ తర్వాత చేపల నుంచి అందుతుంది. మీరు డబ్లిన్‌లో ఉండి, చేపలు ముట్టకుండా, పాలు మానేసి ఓట్స్ పాలకో బాదం పాలకో మారి, ఉప్పు కూడా అక్కడే కొంటున్నారనుకోండి, అయోడిన్ తక్కువయ్యే అవకాశం నిజంగానే ఉంది. అలాంటి ఇంట్లో వారానికి రెండు మూడుసార్లు రెండేసి గ్రాముల డల్స్ పనికొచ్చే వస్తువే. ఉప్పు ఇండియా నుంచే తెచ్చుకునే కుటుంబాలు మాత్రం మొదటి లెక్కలోకే వస్తాయి.

మిగతా గొప్పల మాటకొస్తే, ఎండు డల్స్ బరువులో పది నుంచి ఇరవై శాతం దాకా ప్రోటీన్ ఉంటుందన్నది నిజం. చలికాలం, వసంతకాలం కోతల్లో ఎక్కువగా ఉంటుంది. కానీ మీరు తినేది రెండు మూడు గ్రాములు. అందులో వచ్చే ప్రోటీన్ అర గ్రాముకు అటూ ఇటూ! గుప్పెడు కందిపప్పు ముందు అదేపాటి? పీచు, పొటాషియం, కొంత ఇనుము ఉన్నాయి, వాటికీ ఇదే లెక్క. బీ12 విషయంలో ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. నాచుల్లో అసలైన బీ12తో పాటు దాన్ని పోలిన, శరీరానికి పనికిరాని పదార్థాలూ ఉంటాయి. కొన్ని పాత పరీక్షా పద్ధతులు రెండింటినీ కలిపి లెక్కకట్టేవి. శాకాహారులు, ముఖ్యంగా పాలు కూడా మానినవారు, దీన్ని నమ్ముకుని బీ12 మాత్రలు ఆపవద్దు.

కొనేటప్పుడు

పొట్లాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. మంచి డల్స్ ముదురు ఎరుపులో, కాస్త ఊదా కలిసినట్టు ఉంటుంది, అంచుల్లో వెలుగు పారుతుంది. పచ్చగానో, పాలిపోయి పసుపుగానో ఉంటే ఎండలో ఎక్కువసేపు ఉందనో, పాతదనో అర్థం. ఆకు మీద తెల్లని పొడి పట్టి ఉంటే బూజు అనుకుని పారేయకండి. అది ఆకులోంచి పైకి తేలిన లవణాలూ చక్కెరలూ, నాలుక మీద ఉప్పగా, వెనకే కొంచెం తియ్యగా తగులుతుంది. ఐస్‌లాండ్‌లో అలా తెల్లబడిన సోల్‌నే మేలురకంగా ఎంచేవారు. బూజైతే దూదిలా ఉబ్బి ఉంటుంది, ముక్కిన వాసన వేస్తుంది.

పేరు కూడా చూసుకోండి. అదే అలమరాలో నోరి, క్యారగీన్, కెల్ప్ లాంటి వేరే నాచులన్నీ పక్కపక్కనే ఉంటాయి. కెల్ప్ పొడిని డల్స్ అనుకుని చెంచాలకొద్దీ వాడితే పైన చెప్పిన లెక్కంతా తలకిందులవుతుంది. పొడి కన్నా ఆకులే కొనండి, కొన్నది ఏమిటో కంటికి తెలుస్తుంది.

ఉత్తర ఐర్లండ్‌లో ఉంటే ఆగస్టు చివరి సోమ, మంగళవారాల్లో యాంట్రిమ్ తీరంలోని బాలీకాజిల్‌కు వెళ్లండి. అక్కడ లామాస్ జాతర జరుగుతుంది. వందల ఏళ్లుగా జరుగుతున్న ఈ జాతరలో డల్స్‌నూ, యెల్లోమ్యాన్ అనే గట్టి పసుపు మిఠాయినీ పక్కపక్కనే పెట్టి అమ్ముతారు. ఉప్పు నమలి, వెంటనే తీపి కొరకడం అక్కడి ఆనవాయితీ. జంతికా బెల్లం ముక్కా కలిపి తినేవారికి ఇందులో వింతేమీ కనిపించదు.

సొంతంగా కోయాలంటే

దీనికి కావలసినవి పంచాంగం, కత్తెర, వల సంచి, జారని బూట్లు. పంచాంగం ఎందుకంటే, డల్స్ పెరిగేది తీరంలో కింది అంచున. మామూలు రోజుల్లో అక్కడి రాళ్లు నీళ్లలోనే ఉంటాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో సముద్రం బాగా వెనక్కి తగ్గుతుంది, అప్పుడే ఆ రాళ్లు బయటపడతాయి. గోడమీద తెలుగు క్యాలెండర్ ఉంటే రోజు ఎంచుకోవడం సులువు. గంటా నిమిషం మాత్రం ఆ తీరానికి వేసిన ఆటుపోట్ల పట్టిక చూసే తెలుసుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు కోతకు మంచి కాలం.

ఆటు అట్టడుగుకు చేరే వేళకు గంటన్నర ముందే దిగండి. తగ్గుతున్న నీటి వెనకే నడుస్తూ వెళ్లి, నీరు తిరిగే వేళకల్లా బయటికి వచ్చేయండి. పోటు మొదలైతే మీ వెనకనున్న పల్లపు దారే ముందు నిండుతుంది. ఎదురుగా ఉన్న అలలను చూస్తూ నిలబడితే ఆ సంగతి తెలియదు. ఒంటరిగా వెళ్లవద్దు. ఐర్లండ్‌లో ఆపద వస్తే 112కో 999కో ఫోను చేసి కోస్ట్ గార్డ్ కావాలని అడగాలి.

రాళ్ల మీద దేన్ని వెతకాలి? అరచేయంత నుంచి మూరెడు దాకా పొడవుండే పలుచని, సాగే ఆకు. కింద చిన్న బిళ్ల రాయిని పట్టుకుని ఉంటుంది, దాని మీదే ఆకు మొదలవుతుంది, కాడ ఉండీ లేనట్టుంటుంది. పైకి పోయేకొద్దీ ఆకు వేళ్లలా చీలుతుంది. నడి ఈనె ఉండదు. ముదురు ఆకుల అంచుల వెంట చిన్న చిన్న పిల్లాకులు మొలిచి ఉంటాయి. డల్స్‌ను గుర్తుపట్టడానికి నేను ముందు చూసేది వాటినే. మంచి డల్స్ చాలాసార్లు రాయి మీద కాకుండా కెల్ప్ కాడలకు అంటుకుని వేలాడుతుంది. గరుకుగా ఉండే ఆ కాడల్ని ఎత్తి చూస్తే కింద గుబురుగా దొరుకుతుంది. ఇసుక తగలదు కాబట్టి శుభ్రంగానూ ఉంటుంది.

పోలికలో మోసం చేసేది డిల్సియా అనే మరో ఎర్ర నాచు. అది దళసరిగా, రబ్బరులా ఉంటుంది, అడుగున సన్నగా మొదలై తెడ్డులా వెడల్పవుతుంది, అంచుల్లో పిల్లాకులు ఉండవు. విషం కాదు, కానీ ఎంత నమిలినా నమలడమే మిగులుతుంది. ఇంకో హెచ్చరిక డెస్మరెస్టియా గురించి. ఈకల్లాంటి కొమ్మలున్న ఈ గోధుమరంగు నాచు, కోయగానే తనలో దాచుకున్న సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఒక్క రెమ్మ సంచిలో పడితే మీరు కోసినదంతా రంగు మారి పాడవుతుంది. గుర్తుపట్టడం ఇంకా అలవాటు కాలేదంటే డల్స్ తప్ప మరేదీ సంచిలో వేయకండి.

కత్తెరతోనే కోయండి, పీకకండి. అడుగున బిళ్లతో పాటు ఆకులో మూడోవంతు వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది. ఒకే రాయిని బోడి చేయకుండా నాలుగైదు చోట్ల కొంచెం కొంచెం తీసుకోండి. రేవులు, మురుగు కలిసే చోట్లు, పడవలు మరమ్మతు చేసే చోట్లకు దూరంగా ఉండాలి. నాచు నీళ్లలోని లోహాలను కూడా పీల్చుకుంటుంది. కొన్ని తీరాల మీద కోతకు హక్కులూ అనుమతులూ ఉంటాయి, ముందే అక్కడివారిని అడగండి. ఇది ఇవాళ్టి గొడవేమీ కాదు. పరుల తీరంలో సోల్ కోసుకోవడం మీద 12వ శతాబ్దపు ఐస్‌లాండ్ చట్టాల్లోనే నియమాలున్నాయి.

విశాఖ తీరంలో రాళ్ల మీద ఎర్ర నాచులు కనిపిస్తాయి కదా, అవి కోసుకోవచ్చా అని అడిగేవారుంటారు. అవి వేరే జాతులు. డల్స్‌కు మన బంగాళాఖాతం నీళ్లు వెచ్చన. పైగా నగరం పక్కనున్న ఏ తీరంలోనైనా నాచు కోసి తినమని నేను చెప్పను.

కడగడం, ఎండబెట్టడం

కోసిన చోటే సముద్రపు నీళ్లలో జాడించండి. ఆకుల మడతల్లో చిన్న నత్తలు, రొయ్య జాతి పురుగులు, కెల్ప్ కాడల నుంచి వచ్చిన గుల్లలు ఉంటాయి. శాకాహారులైతే ఒక్కో ఆకునూ వేళ్లతో తడిమి చూసుకోవాలి. కొన్న పొట్లంలోనూ ఒక్కోసారి చిన్న గుల్లలు వస్తాయి, పంటి కింద పడేదాకా తెలియదు. మంచినీళ్లతో ఇప్పుడే కడగవద్దు. మంచినీరు తగిలితే ఆకు లోపలి రసం, రంగు బయటికి పోయి జిగురవుతుంది, త్వరగా పాడవుతుంది. ఆ కడుగుడు వండే ముందు.

ఎండ, గాలి రెండూ ఉన్న రోజు చూసుకుని, నెట్ గుడ్డ మీదో శుభ్రమైన రాళ్ల మీదో ఒకే వరసలో పరవండి. ఒకదాని మీద ఒకటి పడితే మధ్యలో తడి ఉండిపోతుంది. రెండు గంటలకోసారి తిప్పండి. కెనడాలోని గ్రాండ్ మనాన్ దీవిలో డార్క్ హార్బర్ అనే చోట ఇప్పటికీ ఇలాగే గులకరాళ్ల తీరం మీద ఆరబెడతారు. మంచి ఎండ కాస్తే ఒక్క పగలు చాలు. వాన చినుకు పడితే మాత్రం ఆ కోత చెడినట్టే, వెంటనే లోపలికి తీసుకురండి. ఐర్లండ్ వాతావరణాన్ని నమ్మలేం కాబట్టి, ఓవెన్‌ను అన్నిటికన్నా తక్కువ వేడిలో పెట్టి, తలుపు కొంచెం తెరిచి ఉంచి ఆరబెట్టడం కూడా నేర్చుకోండి. 50 డిగ్రీలు దాటనివ్వకండి.

వంచితే విరగకుండా, తడి అంటకుండా ఉంటే నమలడానికి సరిపోయినట్టు. పొడి కొట్టాలంటే ఇంకా ఎండాలి. గాలి చొరని గాజు సీసాలో పెట్టి, వెలుతురు తగలని చోట దాచండి. ఎండు డల్స్ గాలిలోని తేమను ఇట్టే లాక్కుంటుంది. వాడుతుండగా మెత్తబడితే మళ్లీ కొద్దిసేపు వేడి చూపిస్తే చాలు. ఇలా ఏడాది దాకా ఉంటుంది.

వంటలోకి

ముందు పచ్చిగా ఒక చిన్న ముక్క నమలండి. మొదట ఉప్పు, తర్వాత కాసేపు తోలు నమిలినట్టుండే సాగుడు, ఆ తర్వాత నెమ్మదిగా ఊరే కమ్మదనం. ఆ కమ్మదనం గ్లుటమేట్‌ది, టమాటాల్లో పుట్టగొడుగుల్లో ఉండేదే. సముద్రపు వాసన ఉంటుంది. పుట్టు శాకాహారుల ముక్కుకు మొదట కొంచెం నీచుగా అనిపించవచ్చు. అలాంటివారు పచ్చిగా తినకుండా నేరుగా వేపుడుకు వెళ్లడం మంచిది, వేగితే ఆ వాసన చాలావరకు పోతుంది.

మందపాటి పెనం సన్నని సెగ మీద వేడి చేసి, నూనె వేయకుండా ఆకును పరచండి. కొన్ని సెకన్లలోనే ఎరుపు పోయి ఆకుపచ్చ, ఆపైన గోధుమ రంగు తేలుతుంది. ఆకుపచ్చ తేలగానే తిప్పాలి, గోధుమ రంగు రాగానే దించాలి. ఇంకో పది సెకన్లు ఉంచితే చేదు. ఫోను చేతిలో పట్టుకుని చేసే పని కాదిది. చల్లారితే కరకరలాడుతుంది. పెరుగన్నంలో మజ్జిగ మిరపకాయ బదులు దీన్ని నంజుకోవచ్చు.

ఐర్లండ్‌వారి పద్ధతి ఒకటి. ఉడికించిన బంగాళాదుంపలను వేడి పాలు, వెన్న, ఉల్లికాడలు వేసి మెదిపి, సన్నగా తరిగిన డల్స్ కలుపుతారు. దీన్ని డల్స్ చాంప్ అంటారు. ఉల్లికాడలను పాలలో ఒక పొంగు రానిచ్చి వేస్తే ఘాటు తగ్గుతుంది. మన నాలుకకు పైన కాస్త మిరియాల పొడి కావాలి.

ఇక మన పద్ధతి, కారప్పొడి. ఇంట్లో ఎక్కువగా చెల్లేది ఇదే. 20 గ్రాముల ఎండు డల్స్, అరకప్పుకు కొంచెం తక్కువగా నువ్వులు, ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు తీసుకోండి. నువ్వులను చిటపటలాడేదాకా వేయించి పక్కన పెట్టండి. అర చెంచా నూనెలో మిరపకాయలు, జీలకర్ర వేయించండి. పొయ్యి ఆపేశాక అదే పెనం వేడిలో చింతపండును ఆరనివ్వండి. డల్స్‌ను ఇంతకుముందు చెప్పినట్టు విడిగా కరకరలాడించాలి, అన్నింటితో కలిపి వేయిస్తే మాడుతుంది. ముందు మిరపకాయలు, జీలకర్ర, చింతపండు, తర్వాత డల్స్, చివర నువ్వులు, వెల్లుల్లి వేసి బరకగా తిప్పండి. నువ్వులు ముందే వేస్తే నూనె వదిలి ముద్దవుతుంది. ఉప్పు వేయకండి. అన్నంలో కలిపి రుచి చూసి, చాలకపోతే అప్పుడు చిటికెడు. ఒక చెంచా పొడిలో డల్స్ గ్రాముకు కాస్త ఎక్కువగా ఉంటుంది, వేడన్నం, నెయ్యితో మనిషికి అది చాలు. ఊరగాయను ఎంత మోతాదులో వేసుకుంటామో ఇదీ అంతే.

పప్పులో వేయాలంటే గుప్పెడు ఆకులను రెండు నిమిషాలు నీళ్లలో ఉంచి, పిండి, తరిగి, టమాటా పప్పు ఉడికిపోయాక దించే ముందు కలపండి. ముందే వేసి ఉడికిస్తే కరిగిపోతుంది. గోంగూరలా పులుపు ఉండదు కాబట్టి టమాటానో చింతపండో తప్పదు. పోపు మామూలే, ఇంగువ కొంచెం ఎక్కువ వేయండి. ఆమ్లెట్‌లోకి, రొట్టె పిండిలోకి కూడా తరిగి వేసుకోవచ్చు.

ఎవరు జాగ్రత్తపడాలి

థైరాయిడ్ జబ్బు ఉన్నవారు, అది తక్కువైనా ఎక్కువైనా, డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నాం కాబట్టి నాచు తింటే మాత్ర తగ్గించవచ్చని కొందరు అనుకుంటారు. ఆ మాత్ర ఇచ్చేది హార్మోన్‌ను. నాచు ఇచ్చేది దాని ముడిసరుకు మాత్రమే. గ్రంథి సరిగ్గా పనిచేయనప్పుడు ముడిసరుకు ఎక్కువైతే మేలు జరగకపోగా కొందరిలో సమస్య ముదురుతుంది.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అయోడిన్ ఎక్కువ కావాలన్నది నిజమే. కానీ వారు వాడే విటమిన్ మాత్రల్లో చాలావాటిలో అది ఉంటుంది. పెట్టె మీద చదివి, డాక్టరుకు చెప్పి, అప్పుడు నిర్ణయించుకోండి. కెల్ప్ మాత్రలు మాత్రం అసలు వద్దు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతూ విటమిన్ కె లెక్క చూసుకునేవారు కూడా డల్స్‌ను అలవాటుగా తినకూడదు. రక్తపోటు ఉన్నవారు దీన్ని వేసిన వంటలో ఉప్పు ఆ మేరకు తగ్గించాలి.

ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు యూరప్ సంస్థ పెట్టిన అయోడిన్ గీత రోజుకు 200 మైక్రోగ్రాములే. రెండు గ్రాముల డల్స్‌తో అది దాటిపోవచ్చు. కాబట్టి పెద్దల కంచంలోని కారప్పొడి ముద్దలోంచి ఒక్కటి పెడితే పెట్టండి గానీ, ఆకుల పొట్లాన్ని చిప్స్‌లా వారి చేతికి ఇవ్వకండి.